ముందు బ్రేకు వణుకు

పందెపు మోటారు సైకిలుకు ప్రాణం ఎక్కడుంటుందని మన హాస్టల్లో ఎవర్ని అడిగినా ఇంజనులో అంటారు. నేనూ అట్లాగే అనుకునేవాణ్ణి. పోయిన ఆగస్టులో ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ అభిప్రాయం మార్చుకున్నాను. దాని ప్రాణం కుడిచేతి వేళ్ళ కింద, బ్రేకు లీవరు దగ్గర వుంటుంది. బండి పరుగెత్తకపోతే పందెం పోతుంది. నిలవకపోతే మనిషే పోతాడు.

బండి మా అన్నది. అన్న అంటే మా పెదనాన్న కొడుకు. నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. పదో తరగతితో చదువు ఆపేసి నెల్లూరులో ఒక మేస్త్రి దగ్గర పనికి చేరాడు. పన్నెండేళ్ళు అయింది. ఇప్పుడు ఆ షాపులో సగం పని అన్న చేతిమీదే నడుస్తుంది. పడి నలిగిన మూడువందల సీసీ బండినొకదాన్ని తక్కువకు కొని, లైట్లూ అద్దాలూ పీకేసి, రాత్రిళ్ళు కూర్చుని ట్రాకుకు తగినట్టు తయారుచేసుకున్నాడు. మా ఇంట్లో ఇంకెవరికీ లేని పిచ్చి ఇది. నాయన దాన్ని "ఎరువులకయ్యే డబ్బు" అంటాడు.

మద్రాసునుంచి శ్రీపెరుంబుదూరు పోయే దారిలో ఇరుంగాట్టుకోట్టై అనే వూరుంది. అక్కడ 1990 లో తెరిచిన రేసు ట్రాకు వుంది. ఒక చుట్టు సుమారు 3.7 కిలోమీటర్లు. అంతకు ముందు పందేలు మనం నెల్లూరినుంచి మద్రాసు పోయే దారిలోనే, షోళవరంలో, పాత విమానాల మైదానం మీద జరిగేవి. మా తాత వయసులో వున్నప్పుడు ఒకసారి అక్కడ ఆగి చూశాడట. "బయలుదేరిన చోటికే తిరిగి రావటానికి అంత తొందరెందుకో నాకు తెలియలేదు" అంటాడు ఇప్పటికీ. ఇరుంగాట్టుకోట్టైలో పందేలు లేని కొన్ని రోజుల్లో రుసుము కట్టి ఎవరి బండి వాళ్ళు తోలుకోవచ్చు. దాన్ని ట్రాక్ డే అంటారు. అన్న సంవత్సరంలో మూడు నాలుగుసార్లు పోతాడు. తోడు నేను. గాలి చూడటం, పెట్రోలు పొయ్యటం, బండిని ట్రాలీ ఆటోలోకి ఎక్కించటం, దించటం నా వుద్యోగం.

ఆ ఆదివారం మూడో సెషనులో, తిన్నని దారి చివర మలుపు దగ్గర, అన్న బ్రేకు పట్టుకోగానే లీవరు వేళ్ళకింద కొట్టుకోవటం మొదలుపెట్టింది. హ్యాండిల్ గజగజ వణికింది. భయపడి పట్టు వదిలాడు. వదిలితే ఇంకేముంది, బండి మలుపు తిరక్కుండా నేరుగా మట్టిలోకి పోయి పడింది. దేవుడి దయవల్ల భుజం కమిలి వూరుకుంది. నేను పరుగెత్తేసరికి అన్న లేచి కూర్చుని హెల్మెట్టు తీస్తున్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"డిస్కు వంగింది రా. మేస్త్రి వంచాడు" అన్నాడు. ఆ మధ్యాహ్నం అన్న నోటినుంచి వచ్చిన మొదటి మాట అదే.

ఆ మాట వెనకాల కథ వుంది. జూన్‌లో మేం ట్రాకునుంచి తిరిగొచ్చాక ముందు ఫోర్కుల్లో ఆయిలు మార్చాలంటే, అన్నకు తీరిక లేక మేస్త్రే చక్రం విప్పి, ఆయిలు మార్చి, మళ్ళీ బిగించాడు. ఆ తర్వాత బండి వీధి చివరిదాకా పోయి రావటం తప్ప ఎక్కడికీ పోలేదు. కాబట్టి తప్పు ఆయనదే అని అన్న తీర్మానం. సోమవారం పొద్దున షాపులో పదిమంది ముందర ఆ మాట అననే అన్నాడు. మేస్త్రి ఎదురు మాట్లాడలేదు. చేతిలో వున్న పానా కింద పెట్టి లోపలికి పోయాడు. తనకు పని నేర్పిన మనిషిని అన్న ఆరోజు మొదటిసారి నిలబెట్టి అడిగాడు. ఆ రాత్రి ఇంట్లో అన్నం సరిగా తినలేదు. వేరే షాపు చూసుకుంటానన్నాడు. కొత్త డిస్కుకు ఎవర్నయినా అప్పు అడగాలన్నాడు.

నేను సైన్సు విద్యార్థిని గదా, నాకో సందేహం వచ్చింది. డిస్కు వంగిందని చెప్పటానికి ఎవరైనా కొలిచారా?

బ్రేకు పట్టుకుంటే వణికే బండికి పది కారణాలుండొచ్చు. కానీ వణుకులన్నీ ఒక్కటి కావు. బ్రేకు పట్టుకోకపోయినా వణుకుంటే టైరు బ్యాలెన్సు, రిమ్ము సొట్ట, చక్రం బేరింగు చూడాలి. బ్రేకు పట్టిన మొదటి క్షణంలో ఒక్కసారి "టక్" మని వూరుకుంటే, హ్యాండిల్ మెడలో వుండే కోన్‌సెట్ వదులై వుండొచ్చు. వేగం తగ్గుతున్నా వణుకు ఒకే లయలో వుంటే ఫోర్కులను అనుమానించాలి. అట్లా కాక వేగం తగ్గేకొద్దీ వణుకు కూడా నెమ్మదించి, దాంతోపాటు లీవరు వేళ్ళను తోస్తుంటే, దోషం చక్రంతో పాటు తిరిగే వస్తువులో వుందన్నమాట.

అన్నను కూర్చోబెట్టి అడిగాను. "వణుకు ఎట్లా వుంది? నీ వేళ్ళతో ఈ బల్లమీద కొట్టి చూపించు."

విసుక్కుంటూనే కొట్టి చూపించాడు. మొదట గబగబ, తర్వాత నెమ్మదిగా, చివర్లో లెక్కపెట్టగలిగినంత నెమ్మదిగా. నేను లెక్క వేశాను. ముందు టైరు చుట్టుకొలత 1.84 మీటర్లు. గంటకు 130 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు దాదాపు 20 సార్లు తిరుగుతుంది. 60 కి తగ్గితే 9 సార్లు. అన్న వేళ్ళు చెప్పింది అదే. చక్రం ఒక్కసారి తిరిగితే ఒక్క దెబ్బ. అంటే చక్రం మీద ఎక్కడో ఒక్కచోట తేడా వుంది.

అయినా మిగతావి చూడకుండా వదల్లేదు. బండి ముందు భాగం పైకెత్తి ఫోర్కుల అడుగు పట్టుకుని ముందుకూ వెనక్కూ వూపాం. కోన్‌సెట్‌లో వదులు లేదు. చక్రాన్ని పక్కలకు కదిలించాం. బేరింగులో ఆట లేదు. కాలిపర్ విప్పి చూస్తే పిస్టన్లన్నీ కదులుతున్నాయి. ఇరుసు పక్కనున్న బోల్టులు వదులు చేసి, ఫోర్కులను నాలుగైదుసార్లు నొక్కి, ఎడమా కుడీ సర్దుకున్నాక మళ్ళీ బిగించాం. తొందరలో బిగిస్తే ఫోర్కు కాళ్ళు ఒకదాన్నొకటి లాక్కుని పట్టేసినట్టుంటాయి. అదీ లేదు. మేస్త్రి పని చేసినచోట ఒక్క బోల్టు కూడా తప్పుగా లేదు. ఆ మాట నేను పైకి అనలేదు. అన్నా గమనించాడనుకుంటాను.

ఇక డిస్కు. ఇక్కడ మా తాత గుర్తొచ్చాడు. ఎడ్లబండి చక్రం అటూ ఇటూ వూగుతుంటే తాత ఇరుసు కింద రాయి పెట్టి చక్రాన్ని లేపేవాడు. పక్కన నేలలో ఒక కట్టె పాతి, దాని కొస పట్టాకు వేలెడు దూరంలో వుండేట్టు పెట్టి, చక్రాన్ని చేత్తో తిప్పేవాడు. సందు మారిందా, చక్రం వంకర. మారలేదా, వదులు ఇరుసులో. నేను ఫోర్కు కాలికి ఒక సైకిలు పుల్ల కట్టి, దాని కొస డిస్కు పక్కన పెట్టి తిప్పాను. కంటికి సందు మారినట్టు కనబడలేదు. కానీ కంటికి కనబడనంత వంకర కూడా బ్రేకుకు తెలుస్తుంది. దానికి డయల్ గేజి కావాలి. మాకు తెలిసినంతలో అది వున్నది మేస్త్రి పెట్టెలోనే.

అన్న పోడు. నేనే పోయాను.

మేస్త్రి ఏమీ అడక్కుండానే పెట్టె తెరిచి, గుడ్డలో చుట్టిన గేజి తీసి ఇచ్చాడు. నేను వెనక్కి తిరిగాక అన్నాడు. "కొలువబ్బాయా. కొలిచిందే చెప్పు. నా చెయ్యే తప్పయితే కొత్త డిస్కు నేను కొనిస్తా."

ఆ మాట మోసుకుంటూ ఇంటికొచ్చాను.

గేజిని ఫోర్కుకు బిగించి, దాని సూది డిస్కుకు ఆనించి, చక్రాన్ని నెమ్మదిగా తిప్పాం. ముల్లు అటూ ఇటూ కదిలింది మొత్తం 0.06 మిల్లీమీటర్లు. ఆ బండికి 0.10 దాకా పరవాలేదు. అంటే డిస్కు వంగలేదు! అన్న మూడుసార్లు తిప్పించాడు. మూడుసార్లూ అంతే.

"మరి వణుకెందుకు?" అన్నాడు. గొంతులో కోపం పోయి మెకానిక్కు మేలుకున్నాడు.

గేజి డిస్కు ఒక వైపే చూస్తుంది. రెండువైపులా కలిపి మందం ఎంతో దానికి తెలియదు. డిస్కు ఒక్కచోట మందంగా వుంటే అది వచ్చినప్పుడల్లా రెండు ప్యాడ్లూ వెనక్కి నెట్టబడతాయి. అవి పిస్టన్లను నెడతాయి, పిస్టన్లు ఆయిలును నెడతాయి, ఆయిలు వచ్చి మన వేళ్ళను నెడుతుంది. లీవరు కొట్టుకోవటమంటే అదే. నేను మరుసటి వారం మన ఫిజిక్సు ల్యాబులో మాస్టారిని అడిగి స్క్రూగేజి తీసుకుపోయాను. మొదటి సంవత్సరంలో తీగ మందం కొలిచి, రికార్డులో పక్కవాడి అంకెలు వేసుకున్న స్క్రూగేజి అదే. దాని అసలు విలువ ఆరోజు తెలిసింది.

గాలి పట్టే వాల్వు దగ్గర ఒకటి మొదలుపెట్టి, డిస్కు చుట్టూ సుద్దతో ఎనిమిది గుర్తులు పెట్టాను. అంచున అరగని గట్టు తగలకుండా, రంధ్రాల మధ్యన ఆనించి కొలిచాను. శూన్యాంశ దోషం సవరించాక వచ్చిన అంకెలివి: 4.52, 4.51, 4.52, 4.52, 4.51, 4.54, 4.52, 4.52. ఆరో గుర్తు దగ్గర 0.02, 0.03 మిల్లీమీటర్లు ఎక్కువ. తలవెంట్రుక కంటే సన్నం. ఇంతోటిదానికా మనిషి మట్టిలో పడ్డది అనిపించింది. కానీ ఆరో గుర్తు దగ్గర తడిగుడ్డతో తుడిచి వాలుగా లైటు వేసి చూస్తే, నీలమూ బూడిదా కలిసిన మచ్చ కనబడింది. పాత ప్యాడు తెచ్చి దానిమీద పెట్టాను. అచ్చు గుద్దినట్టు సరిపోయింది. డిస్కు అవతలివైపు కూడా అట్లాంటి మచ్చే.

డిస్కు వంగలేదు, అరగలేదు. దానిమీద ప్యాడు అంటుకుని మిగిలిపోయింది. బ్రేకు వణికితే డిస్కు వంగిందనటం అందరికీ అలవాటే కానీ, చాలాసార్లు సంగతి ఇదే. ఆ మచ్చ మందంగా వుండటమొక్కటే కాదు, మిగతా డిస్కుకంటే వేరే రకంగా పట్టుకుంటుంది కూడా. పట్టుకున్నచోట వేడి ఎక్కువ, వేడైనచోట ఇంకా అంటుకుంటుంది. అందుకే మొదటి రెండు సెషన్లలో తెలియని వణుకు మూడోదాంట్లో బయటపడింది.

ఆ వేడి ఎంతో లెక్క వేస్తే మీరూ ఆశ్చర్యపోతారు. బండీ మనిషీ కలిసి 240 కిలోలనుకుందాం. 130 నుంచి 50 కి తగ్గించాలంటే సుమారు 1,33,000 జౌళ్ళ శక్తి వేడిగా మారాలి. ఇందులో నూటికి ఎనభై వంతులు ముందు బ్రేకుదే అనుకుంటే, 1.3 కిలోల వుక్కు డిస్కు ఆ ఒక్కసారికే 160 డిగ్రీల పైచిలుకు వేడెక్కాలి. గాలికి కొంత చల్లారుతుంది, మళ్ళీ మలుపొస్తుంది, మళ్ళీ వేడెక్కుతుంది. అట్లా వేడెక్కిన డిస్కును తిరుగుతున్నప్పుడు ప్యాడు ఎంత పట్టుకున్నా అంతటా సమానంగా రాసుకుంటుంది. నిలబడి వున్నప్పుడు పట్టుకుంటే మాత్రం ఒక్కచోటే ముద్ర పడుతుంది.

ఈ వాక్యం మనసులో పూర్తయ్యేసరికి నా చేతులు చల్లబడ్డాయి.

జూన్ నెల ట్రాక్ డే. ఆఖరి సెషను. వానమబ్బు పట్టింది. అన్న బండి దిగి, తోలు సూటు విప్పుకోను పోయాడు. నేను తడవకముందే ఎక్కించాలని బండిని వేడివేడిగా ట్రాలీలోకి తోశాను. దారిలో ముందుకు దొర్లకుండా వుండాలని, ముందు బ్రేకు లీవరును గట్టిగా లాగి ట్యూబు ముక్కతో హ్యాండిల్‌కు కట్టేశాను. నెల్లూరు చేరేదాకా, దాదాపు ఐదు గంటలు, రెండు ప్యాడ్లూ ఆ డిస్కును ఒక్కచోటే బిగించి పట్టుకుని వున్నాయి.

ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. అన్న స్క్రూగేజి తిప్పి తిప్పి చూస్తూ, "ప్యాడ్లు నాసిరకమై వుంటాయి రా" అంటున్నాడు. ఔనంటే అయిపోతుంది. ప్యాడ్లకు నోరు లేదు. మేస్త్రి నిర్దోషి అని తేలుతుంది, అన్న అప్పు చెయ్యక్కర్లేదు, నా పేరు రాదు. రెండు నిమిషాలు ఆ ఆలోచనలోనే వున్నానని దాచకుండా చెప్తున్నాను. అన్న కమిలిన భుజం బనీను కింద పచ్చగా కనబడుతూనే వుంది.

చివరికి, "ప్యాడ్లు కాదన్నా, నేను" అన్నాను. ట్యూబు ముక్క సంగతి చెప్పాను.

అన్న చాలాసేపు మాట్లాడలేదు. తిడతాడనుకున్నాను. తిట్టివుంటే బాగుండేది. లేచి చొక్కా తొడుక్కుని, "పద, మేస్త్రి దగ్గరికి" అన్నాడు.

షాపులో ఆరోజు కూడా మనుషులున్నారు. అన్న వాళ్ళు పోయేదాకా ఆగలేదు. "తప్పు మాది మేస్త్రీ. నోరు జారాను" అన్నాడు. నాది అనలేదు, మాది అన్నాడు. ఆ ఒక్క మాటకు నేను అన్నకు ఎప్పటికీ బాకీ.

మేస్త్రి నా చేతిలో కాగితం తీసుకుని ఎనిమిది అంకెలూ చదివాడు. ఆరోదాని మీద వేలు పెట్టి, "ఇదా?" అన్నాడు. ట్యూబు ముక్క కథ విని తల పంకించాడు. "వేడి బండికి బ్రేకు కట్టగూడదని మీ ఇద్దరికీ నేనెప్పుడూ చెప్పలా. నాకు తెలుసు గదా, మీకూ తెలుసనుకున్నా" అన్నాడు. తర్వాత నావైపు తిరిగి, "గేజి తుడిచి పెట్టెలో పెట్టు" అన్నాడు. అంతటితో ఆ తగువు తీరిపోయింది.

వైద్యం రోగమంత పెద్దది కాదు. డిస్కును రెండువైపులా సన్న ఎమరీ పేపరుతో, ఒకే దిక్కుకు కాకుండా అడ్డదిడ్డంగా, మచ్చ పోయేదాకా రుద్దాం. స్పిరిటుతో తుడిచాం. పాత ప్యాడ్లను వాడకుండా కొత్తవి వేశాం. మళ్ళీ ఎనిమిది చోట్లా కొలిస్తే అన్నీ 4.51, 4.52. దసరా సెలవుల్లో ట్రాకుకు పోయి, మొదటి సెషనంతా ప్యాడ్లను డిస్కుకు అలవాటు చెయ్యటానికే వాడాడు అన్న. ఎక్కువ వేగంనుంచి తక్కువకు, మొదట మెల్లగా, పోనుపోను గట్టిగా, పది పన్నెండుసార్లు బ్రేకు పట్టి, ఎక్కడా పూర్తిగా ఆగకుండా, చివర ఒక చుట్టు బ్రేకు ముట్టకుండా చల్లార్చుకుని వచ్చాడు. రెండో సెషనులో తిన్నని దారి చివరికి వస్తుంటే నేను గోడపక్కన నిలబడి ఊపిరి బిగబట్టాను. బండి ముక్కు కిందికి వంగింది, మలుపు తిరిగింది, పోయింది. తిరిగొచ్చి హెల్మెట్టు అద్దం ఎత్తి, "వెన్న" అన్నాడు.

ఇప్పుడు మా పద్ధతి మారింది. సెషను అయి వచ్చిన బండిని నేను చేత్తో ఆపుతాను, బ్రేకుతో కాదు. డిస్కు చల్లారేదాకా లీవరు ఎవరూ ముట్టరు. ట్రాలీలో గేరులో పెట్టి, చక్రానికి చెక్కముక్క అడ్డం వేసి, తాళ్ళతో కడతాం. ఆ ట్యూబు ముక్కను అన్న పారెయ్యలేదు. పనిముట్ల పెట్టె మూతకు లోపలివైపు మేకు కొట్టి తగిలించాడు. ఎందుకని నేను అడగలేదు.

మిత్రులారా, పరీక్షల్లో స్క్రూగేజి ప్రయోగం వస్తే ఆనందంగా మార్కులు వేయించుకోండి. కానీ ఒక మనిషిమీద తప్పు మోపబోయే ముందు కూడా ఒకసారి దాన్ని తీయండి. ఎనిమిది చోట్ల కొలవండి. ఎనిమిదిలో ఒకటి మీదే అయివుండొచ్చు.